పెద్ద దుప్పికి ఏ తూటా: బురైదా తోటలో నా తుపాకుల కొలువు

ఫౌజులో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పనివాడిగా చేసి పెన్షన్ తీసుకున్న కుర్రాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. గల్ఫులో షూటింగ్ క్లబ్బులు, వేట సామాను దుకాణాలు పెరిగాయి. వీసా దొరికిందంటారు, రెండు మాటలు చెప్పమంటారు. కూర్చున్న వెంటనే అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఏ తుపాకి మంచిది?" డాక్టరు దగ్గరికెళ్ళి ఏ గోలీ మంచిదని అడిగినట్టుంటుంది. రోగమేదో, రోగి ఎవరో చెప్పకుండా గోలీ పేరు అడిగితే ఎవడైనా ఏం చెబుతాడు?

అందుకని ఒక్క వేట గురించి, దానికి తుపాకీ, తూటా ఎంచిన తీరు గురించి రాస్తున్నాను. ఆ వేటకు నేను వెళ్ళలేదు. అయినా నా కొలువు మొత్తంలో నాకు ఎక్కువ నేర్పింది అదే. ఇందులో మాట్లాడుకున్నవాళ్ళు చాలామంది అరబ్బీలో మాట్లాడారు. నాకు మాత్రం ఆ మాటలన్నీ మా జగిత్యాల మాటల్లోనే గుర్తున్నాయి. అలాగే రాస్తాను.

పంపుల మెకానిక్ తుపాకుల దగ్గరికి వచ్చిన విధం

నా వీసా మీద రాసింది పంపు మెకానిక్ అని. బురైదా బయట ఖర్జూరపు తోట. మా కఫీల్‌ని, అంటే వీసా ఇచ్చిన యజమానిని, అందరూ అబూ సాలెహ్ అనేవారు, అంటే సాలెహ్ తండ్రి. ఆ సాలెహ్ పసితనంలోనే పోయాడు. పేరు మాత్రం తండ్రికి మిగిలింది. తమ్ముడి కొడుకు మాజిద్‌ను ఆయన కన్నకొడుకులా పెంచుకున్నాడు. మేము పనివాళ్ళం ఆయన్ని బాబా అని పిలిచేవాళ్ళం.

ఒకసారి బోరు దగ్గర పంపు విప్పుతుంటే బాబా తన పాత రైఫిల్‌తో తంటాలు పడటం చూశాను. బోల్టు బిగిసిపోయింది, ఆయన దాన్ని రాయితో కొట్టబోతున్నాడు. నాకు ప్రాణం ఒప్పలేదు. చేతులు తుడుచుకుని వెళ్ళి, అడగకుండానే తీసుకుని, విప్పి, తుడిచి, బిగించి ఇచ్చాను. అడగకుండా కఫీల్ చేతిలోది లాక్కోవడం ఎంత తప్పో తరువాత తట్టింది. ఆయన బోల్టును నాలుగుసార్లు ముందుకూ వెనక్కీ ఆడించి చూసుకున్నాడు.

"ఏడ నేర్చినవ్?"

"ఫౌజుల, బాబా."

ఆ రోజు నుంచి నా పేరు అస్కరీ అయింది. అరబ్బీలో సిపాయి అని అర్థం. పంపుల పని పోలేదు, తుపాకుల గది తాళంచెవి అదనంగా వచ్చింది. ఇది ప్రమోషన్ అనుకునేరు, రెండు పనులు ఒకే మనిషి మీద పడ్డాయి అంతే. కానీ అబద్ధమెందుకు, ఆ గదిలోకి వెళ్తే మళ్ళీ ఫౌజు వాసన వచ్చేది. నాకు సంతోషంగా ఉండేది.

యుద్ధం తెచ్చిన స్నేహం

కువైట్ మీద యుద్ధం మొదలైనప్పుడు ఆ గదికి నేనే రెండో తాళం వేశాను. ఊరి చుట్టుపక్కల ఎవరూ తుపాకీ పేల్చకూడదన్నారు. విషవాయువు వదులుతారేమోనని మాకు ముఖానికి తగిలించుకునే ముసుగులు పంచారు. గంగారాం అని మా పక్క ఊరివాడే, తోట పక్కన ఉన్న ఖర్జూరాల కోల్డ్ స్టోరేజిలో పని చేసేవాడు. వాడు ఆ ముసుగు తగిలించుకుని ఊపిరాడక, "అన్నా, వాయువుతోని సస్తనో లేదో గని గీ ముసుగుతోనైతే గ్యారంటీగ సస్త" అని పీకి పారేశాడు. నవ్వుకున్నాం. లోపల భయం లేక కాదు.

ఆ రోజుల్లోనే వాకర్ అనే అమెరికా ఇంజనీరు వచ్చాడు. సైన్యానికి నీళ్ళు సరఫరా చేసే కాంట్రాక్టులో బోర్లు వేయించేవాడు. యుద్ధం అయిపోయాక కూడా ఉండిపోయి మా తోటలో కొత్త బావి వేయించాడు. అతనిది కొండప్రాంతం. బాబాతో గావా, అంటే అరబ్బీ కాఫీ, తాగుతూ తన కొండల్లో తిరిగే ఎల్క్ గురించి చెప్పేవాడు. అది దుప్పి జాతే. మన అడవుల కణితి దాని పక్కన నిలబడితే దూడలా కనిపిస్తుందట. చలికాలం ముందు మగది అరిస్తే లోయంతా వినబడుతుందట.

బాబా ఆ కథలకు పడిపోయాడు. వయసులో ఆయన జింకల వేటగాడు. జింకల మీద నిషేధం వచ్చాక మళ్ళీ వాటి జోలికి పోలేదు. వాకర్ తన దేశానికి పోతూ రమ్మని పిలిచాడు. కొన్నేళ్ళు అదీ ఇదీ అడ్డమొచ్చి, చివరికి ఒక ఏడాది వేటకు పర్మిట్ కుదిరింది. అప్పటికి బాబా గడ్డం పూర్తిగా తెల్లబడింది. అంతకుముందే ఇసుక దిబ్బల్లో బండి బోల్తాపడి కుడి భుజం ఎముక విరిగి అతుక్కుంది. ఇదే మొదటి ఎల్క్ వేట, ఇదే ఆఖరి వేట అని ఆయనకు తెలుసు.

ఒక సాయంత్రం గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

"అస్కరీ, నాకు కొమ్ములు వద్దు, ఫోటో వద్దు. బిస్మిల్లా అని ఒక్కటే గుండు కొట్టాలె, అది బాధ లేకుంట పడాలె. గాయపడి యాడికో పోయి సస్తే ఆ పాపం నాది. ఈ వయసుల గసొంటి పాపం మోసుకొని పోను. దానికి ఏం కావాల్నో నువ్వు జూడు."

అంత సూటిగా పని చెప్పిన అధికారి నాకు ఫౌజులో కూడా తగల్లేదు.

కాలిబర్ గురించి నా మాట

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఇది మీ పనికొచ్చే భాగం.

తూటాలో మూడు భాగాలు చూడండి. ఎగిరిపోయే గుండు, దాన్ని తోసే మందు, రెంటినీ పట్టుకునే ఇత్తడి గొట్టం. కాలిబర్ అంటే గుండు లావు. దుకాణాల్లో అందరూ లావు గురించి, వేగం గురించి కొట్లాడుకుంటారు. గుండు ఎలా కట్టారన్నది ఎవరూ అడగరు. ఎడారి జింకకు వాడే టూ ఫార్టీ త్రీ గుండు సన్నగా, వేగంగా పోయి తగలగానే విచ్చుకుంటుంది. పలచటి జంతువుకు అది చాలు. ఎల్క్‌కు అదే కొడితే చర్మం కిందే, భుజం ఎముక మీదే ముక్కలవుతుంది. పెద్ద గాయమవుతుంది, జంతువు చావదు. దీనికన్నా ఘోరం వేటలో లేదు.

ఎల్క్‌కు కావాల్సింది ఎముక తగిలినా పగిలిపోకుండా లోపలికంటా పోయే బరువైన గుండు. రాగి తొడుగు లోపలి సీసానికి గట్టిగా అతుక్కుని ఉండాలి. బాబా పాత రైఫిల్ థర్టీ నాట్ సిక్స్. దానికి నూట ఎనభై గ్రెయిన్ల బరువున్న అలాంటి గుండు దొరికితే సరిపోతుందని నా లెక్క. త్రీ హండ్రెడ్ మాగ్నమ్ ఇంకా దూరం పోతుంది, కాదనను. గట్టి భుజం ఉండి, దాంతో బాగా అలవాటున్నవాడి చేతిలో అది మంచి తుపాకీయే. కానీ అది వెనక్కి తన్నే తన్నుకు మనిషి లోపల ఒక ఉలికిపాటు మొదలవుతుంది. పేలకముందే కన్ను మూసుకుంటుంది, వేలు గుంజుతుంది. ఆ ఉలికిపాటును ఏ కంపెనీ తూటా సరిదిద్దలేదు.

ఫౌజులో నా మొదటి సుబేదార్ ఒక పంజాబీ. నోరు తెరిస్తే బూతు తప్ప రాదు, కానీ పని తెలిసిన మనిషి. అన్నం తినే పళ్ళెం గోడకు ఆనించి, "ఎంత దూరం నుంచి ప్రతి గుండూ ఈ పళ్ళెంలోనే పడుతుందో అదే నీ తుపాకీ దూరం. కంపెనీ చెప్పేది కాదు" అనేవాడు. వేటగాళ్ళకు నేను చెప్పింది కూడా అదే. కొందరు విన్నారు. ఎక్కువమంది తుపాకీ మీద బిగించే ఇంకా ఖరీదైన దుర్భిణి కొనుక్కున్నారు.

మాజిద్ తెచ్చిన కానుక

మాజిద్ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇకమీద వాడి మీద మీకు కోపం రావచ్చు. పెదనాన్నంటే ప్రాణం. పెదనాన్నతో తనూ వేటకు వెళ్తున్నాడు. రియాద్ నుంచి కొత్త త్రీ హండ్రెడ్ మాగ్నమ్ తెచ్చి, మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే గదిలో, అందరి ముందూ పెద్దాయన ఒడిలో పెట్టాడు.

"పెద్దనాయినా, గింత పెద్ద జంతువుకు గా పాతదేంది? ఇగో, ఇది నీకు."

చుట్టాలంతా మాషా అల్లా అన్నారు. బాబా దాని నల్లటి గొట్టం మీద చెయ్యి వేసి మురిసిపోయాడు. నేను గావా పోస్తూ ఆయన కుడి భుజం వైపే చూస్తున్నాను.

అక్కడ ఒకరిచ్చిన కానుక బాగాలేదనడమంటే ఇచ్చినవాడిని కాదనడమే. అందులోనూ నలుగురి ముందు ఇచ్చింది. మీరు రేపు అక్కడికి పోతారు కాబట్టి చెబుతున్నా. మజ్లిస్‌లో నోరు కుట్టేసుకోండి. చెప్పాల్సింది ఏదైనా మనిషి ఒంటరిగా దొరికినప్పుడు చెప్పండి.

నాలుగు రోజులాగి, తెల్లవారుజాము నమాజు అయ్యాక బాబాను ఒక్కడినే తోట వెనక మట్టి కట్ట దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు రైఫిళ్ళూ తెచ్చాను.

"బాబా, తూటా నేనే పెట్టి ఇస్త. కొన్ని ఉత్తయి, కొన్ని పేలేటియి. ఏది ఏదో చెప్ప. మా ఫౌజుల గిట్లనే చూసుకుంటం."

ఆయన నవ్వి తలూపాడు. మాగ్నమ్‌తో రెండు పేలాయి. రెండోదానికే పళ్ళు బిగబట్టాడు. మూడోది ఉత్తది. టిక్ మన్నది. ఆ నిశ్శబ్దంలో, ఉలికిపాటుకు గొట్టం కొస జానెడు కిందికి వంగడం ఇద్దరం చూశాం. తరువాత పాతది ఇచ్చాను. ఉత్తది పడ్డప్పుడు గొట్టం కదల్లేదు.

ఆయన రైఫిల్ పక్కన పెట్టాడు. భుజం రుద్దుకుంటూ ఇసుకలో కూర్చున్నాడు. నాకు జాలేసింది. ఒకప్పుడు పరుగెత్తే జీపులోంచి గురి తప్పనివాడని పేరున్న మనిషి.

"ఎవ్వరికి చెప్పకు," అన్నాడు చివరికి. "పోరడు ప్రేమతోని తెచ్చిండు. వాని మనసు విరగొట్టద్దు."

దానికి ఆయనే దారి వెతికాడు. ఆ వారం మజ్లిస్‌లో మాజిద్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది నాదే. నా దిక్కెల్లి నువ్వు మొయ్యాలె. నా తుపాకి నా కొడుకు చేతులుంటే నాకు ఇజ్జత్" అన్నాడు. మాజిద్ కళ్ళు మెరిశాయి. ఆ విధంగా కొత్త మాగ్నమ్ మాజిద్ చేతికి, పాత థర్టీ నాట్ సిక్స్ బాబా చేతికి వచ్చాయి.

ఖర్జూరాల మధ్య తూటాలు

ఇంకో చిక్కుంది. మందుకు ఎండ తగిలితే జోరెక్కుతుంది, చలి తగిలితే మందగిస్తుంది. బురైదా ఎండలో గురి సరిచేసిన తుపాకీని మంచు కొండల్లో పేలిస్తే గుండు కిందికి పడుతుంది. అక్కడి వేటగాళ్ళు గురి సరిచేసేది ఎలాగంటే, తూటాల డబ్బా ల్యాండ్ క్రూజర్ అద్దం దగ్గర ఎండలో కాగుతుంటుంది, బానెట్ మీద ఇసుక సంచి వేసి దాని మీద తుపాకీ ఆనించి కొడతారు. ఎడారిలో ఇది తప్పు కాదు. వేట కూడా అలాగే ఉంటుంది కాబట్టి సరిపోతుంది. కొండ మీద బానెట్టూ ఉండదు, ఎండా ఉండదు.

చలి ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తే గంగారాం గుర్తొచ్చాడు. వాడి గోదాములో ఖర్జూరాలు గడ్డకట్టే చలిలో ఉంటాయి.

"ఖర్జూరాల నడుమ తూటాలు పెడ్తవా?" గంగారాం నోరు వెళ్ళబెట్టాడు. "ముదీర్ చూసిండంటె నన్ను ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతడు."

"బాబా అడుగుతె ముదీర్ ఏమంటడు రా. ప్లాస్టిక్ సంచిల గట్టిగ మూతి కట్టి ఇస్త. పొద్దుగాల తీసుకపోత."

బాబా స్వయంగా ఆ ముదీర్‌కు, అంటే మేనేజరుకు, ఫోన్ చేసి చెప్పాడు. మరునాడు తూటాలను ఐసు డబ్బాలో పెట్టుకుని పరుగున మట్టి కట్ట దగ్గరికి వచ్చాం. మూడొందల మీటర్ల దగ్గర బాబా గుళ్ళు మామూలు కన్నా నాలుగు వేళ్ళు కిందికి పడ్డాయి. దుర్భిణి మర తిప్పి సరిచేశాను. బానెట్ మీద కాకుండా మోకాలి మీద కూర్చుని, వంగిన భుజంతో ఆయన రోజూ సాధన చేశాడు. మూడొందల దగ్గర కొన్ని గుళ్ళు పళ్ళెం దాటిపోయాయి. రెండొందల దగ్గర అన్నీ పళ్ళెంలోనే పడ్డాయి. "అయితే నా దూరం రెండొందలే," అని ఆయనే తేల్చుకున్నాడు.

మాజిద్‌ను కూడా రమ్మన్నాను. వాడు బండి దిగకుండానే నవ్వాడు. "తూటాలకు ఐస్‌క్రీం తినిపిస్తున్నవా అస్కరీ? నాది మాగ్నమ్. దానికి చలి ఏంది, దూరమేంది?" వాడు ఎప్పటిలాగే బానెట్ మీద నాలుగు పేల్చి, నాలుగూ ఒకే చోట పడ్డాయని చూపించి వెళ్ళిపోయాడు. పడ్డాయి, నిజమే.

వాళ్ళు తిరిగి వచ్చాక

వాళ్ళు వెళ్ళినన్నాళ్ళూ నాకు పంపుల మీద ధ్యాస లేదు. ఏమైందో ఏమోనని గంగారాం బుర్ర తినేశాను. వాళ్ళు తిరిగొచ్చిన రోజు బాబా నేరుగా తుపాకుల గదికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు, పెదాలు చలికి పగిలి ఉన్నాయి.

"నీ గుండు మంచిగ పనిచేసింది, అస్కరీ. ఒక్కటే సరిపోయింది."

ఆ మాట కోసమే ఎదురుచూశాను. కానీ ఆయన ముఖం చూస్తే సంతోషించబుద్ధి కాలేదు. రైఫిల్ నా చేతికిచ్చి, "దీనికి గ్రీజు పట్టించు," అన్నాడు. నూనె కాదు, గ్రీజు. గ్రీజు పట్టించేది ఇక బయటికి తీయని తుపాకీకి. సరిగ్గా విన్నానా అని ఆయన వైపు చూశాను. అవునన్నట్టు తలూపి లోపలికి వెళ్ళిపోయాడు.

జరిగింది మాజిద్ చెప్పాడు. మరునాడు వాడే వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. అంతకుముందు ఎప్పుడూ అలా కూర్చోలేదు.

మొదటి రోజే లోయకు అవతల పెద్ద మగ ఎల్క్ కనిపించింది. దాన్ని కొట్టమని వాకర్ పెదనాన్నకు చెప్పాడు. ఆయన చూసి, "నా తుపాకి ఆడిదాక పోదు" అని ఊరుకున్నాడు. మాజిద్ ఆగలేకపోయాడు. మాగ్నమ్‌కు ఆ దూరం ఒక లెక్కా అనుకున్నాడు. వంగి, చలికి వణుకుతూ, ఆనుకోవడానికి ఏమీ లేకుండా కొట్టాడు. గుండు కిందికి పోయి ముందుకాలు విరిచింది. జంతువు మూడు కాళ్ళ మీద చెట్లలోకి పోయింది.

"చలి ఒక్కటే గాదు," అన్నాడు మాజిద్. "నేను ఉలికిపడ్డ. అది నాకు తెలుసు."

ఆ రోజు నుంచి అబూ సాలెహ్ తన వేట వదిలేశాడు. మంచులో నెత్తురు మరకలు పట్టుకుని, ఆ వయసులో, ఆ భుజంతో, కొండ ఎక్కుతూ దిగుతూ వెతికాడు. వాకర్ వద్దన్నాడు, తను వెతికిస్తానన్నాడు. ఆయన వినలేదు. మూడో రోజు అది చీకటి చెట్ల మధ్య నిలబడి కనిపించింది. పరుగెత్తే శక్తి దానికి లేదు. అది ఆయన వైపు తిరిగి చూసిందట. ఆయన బిస్మిల్లా అని ఒక్క గుండు కొట్టాడు. అది నిలబడ్డ చోటే కూలిపోయింది.

"నన్ను ఒక్క మాట అనలేదు, అస్కరీ. తిడితె బాగుండు."

ఆ సాయంత్రమే ఇంకో మగది దగ్గర్లో అరిచిందట. రెండొందల లోపే ఉంటుందని, ఇంకా వెలుగుందని వాకర్ చెప్పాడు. పెదనాన్నా, నీది నువ్వు కొట్టుకో అని మాజిద్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆయన బోల్టు తెరిచి మిగిలిన తూటాలు తీసేసి, ఖాళీ రైఫిల్ మాజిద్ భుజానికి తగిలించాడు. వాడి ఇంకో భుజం పట్టుకుని మంచులో కొండ దిగాడు.

రాత్రి గుడిసెలో ఆ మాంసం వండారు. మాజిద్‌కు ముద్ద దిగలేదు. పళ్ళెం పక్కకు నెట్టి లేవబోయాడు. పెద్దాయన వాడి చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఒక ముక్క తుంచి తన చేత్తో వాడి నోటికి అందించాడు.

"తిను బిడ్డా. అది మూడు రోజులు నొప్పి పడ్డది మన వల్లనే. తినకపోతె అది ఊకెనే సచ్చినట్టు."

చెబుతూ చెబుతూ మాజిద్ ఏడ్చేశాడు. నాకూ ఆగలేదు. ఇద్దరం కళ్ళు తుడుచుకుని గ్రీజు డబ్బా తెరిచాం. గుడ్డ వాడు తీసుకున్నాడు. గొట్టం మొదలు నుంచి కొస దాకా, ఎక్కడా ఇనుము కనిపించకుండా, వాడే పట్టించాడు.